మెయిల్ ఏ దారిన వచ్చిందో చూపించే థండర్‌బర్డ్

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా డాక్యుమెంట్లు చూస్తున్నాను. కోల్డ్ స్టోరేజీ నుంచి మిర్చి టిక్కీలు (బస్తాలు) లారీ ఎక్కించే పని వేరేవాళ్లది. ఆ సరుకు వెంట వెళ్లే కాగితాల పని నాది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, సరుకుకు చీడపీడలు లేవని చెప్పే ఫైటో సర్టిఫికెట్, పురుగుమందు పొగ పెట్టించినట్టు చూపే ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, అన్నిటికన్నా ముఖ్యం బి.ఎల్., అంటే సరుకు అందుకున్నామని ఓడ కంపెనీ ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్. వీటిలో ఏ ఒక్కటి ఆలస్యమైనా కంటైనర్ పరాయి దేశపు రేవులో పడి ఉంటుంది, రోజుకింత అని చార్జీ ఎక్కుతుంది. ఈ కాగితాల డ్రాఫ్టులు, సవరణలు, అప్రూవల్స్ అన్నీ నడిచేది మెయిల్ మీదే. సీజన్‌లో రోజుకు వంద మెయిళ్లకు తక్కువ రావు. ఏ మెయిల్ పోయినా ముందు అడిగేది నన్నే.

అందుకే పదమూడేళ్లుగా నేను వాడుతున్న థండర్‌బర్డ్ గురించి రాయాలని ఎప్పటినుంచో ఉంది. చాలామంది ఫోన్‌లోనో బ్రౌజర్‌లోనో మెయిల్ చూసుకుంటారు, వాళ్లకది సరిపోతుంది. కానీ మెయిల్ మీద డబ్బు, సరుకు, మాట ఆధారపడి ఉన్నవాళ్లకు మాత్రం ఈ ప్రోగ్రాం ఒక్కసారైనా వేసుకుని చూడమని గట్టిగా చెబుతాను. ఉచితం. ఫైర్‌ఫాక్స్ తెచ్చిన మొజిల్లా వాళ్లదే. మొదటి పూర్తి వెర్షన్ 2004 డిసెంబర్‌లో వచ్చింది, ఇప్పుడు వాడేవాళ్ల విరాళాల మీదే ఎక్కువగా నడుస్తోంది. ఒక్కటి గుర్తుంచుకోండి, ఇది మెయిల్ అడ్రస్ ఇచ్చే సర్వీసు కాదు. మీ అడ్రస్ ఎక్కడిదైనా సరే, అక్కడి మెయిళ్లను మీ కంప్యూటర్‌లోకి తెచ్చి చూపించే ప్రోగ్రాం.

నేను దీనికి మారడానికి కారణం 2011లో జరిగిన నష్టం. అప్పట్లో ఆఫీసులో వేరే ప్రోగ్రాం ఉండేది. దాన్ని పాప్ పద్ధతిలో పెట్టించారని నాకు తెలియదు. పాప్ అంటే పోస్టాఫీసుకు వెళ్లి ఉత్తరాలు ఇంటికి తెచ్చేసుకున్నట్టు. సర్వర్ (మెయిల్ సర్వీసువాళ్ల కంప్యూటర్) మీద కాపీ ఉంచమని చెప్పకపోతే అక్కడ ఏమీ మిగలదు. ఒక రోజు హార్డ్ డిస్క్ పోయింది. నాలుగు సీజన్ల మెయిళ్లు, పాత కొనుగోలుదార్లతో రేటు గురించి జరిగిన మాటలతో సహా, అన్నీ పోయాయి. ఒక క్లెయిమ్ విషయంలో పాత మెయిల్ చూపించమంటే చూపించలేకపోయాను. ఆ రోజు అయ్యగారు నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

థండర్‌బర్డ్‌లో పేరు, అడ్రస్, పాస్‌వర్డ్ ఇస్తే మిగతా సెట్టింగులు చాలావరకు అదే వెతుక్కుంటుంది. ఐమ్యాప్, పాప్ రెండూ చూపిస్తే ఐమ్యాప్ ఎంచుకోండి. ఐమ్యాప్‌లో అసలు మెయిల్ సర్వర్ మీదే ఉంటుంది, మన కంప్యూటర్‌లో దాని కాపీ ఉంటుంది. నెట్ పోయినా పాత మెయిళ్లు తెరుచుకుంటాయి, వెతికితే దొరుకుతాయి. మే నెలలో కరెంటు, నెట్ రెండూ పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కూర్చున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. ఐమ్యాప్‌లో జాగ్రత్త ఒకటే. ఇక్కడ డిలీట్ చేస్తే సర్వర్‌లోనూ పోతుంది, ఫోన్‌లోనూ పోతుంది. ఏడాది ముగిశాక ఆ సీజన్ మెయిళ్లను 'లోకల్ ఫోల్డర్స్'లోకి కాపీ చేసి, ఆ ఫోల్డర్‌ని విడిగా ఒక డిస్క్‌లో దాస్తాను. 2011 నేర్పిన అలవాటు ఇది.

ఇక నాకు ఈ ప్రోగ్రాం మీద ప్రేమ పుట్టించిన విషయానికి వస్తాను. ఏదైనా మెయిల్ తెరిచి కంట్రోల్, యూ కలిపి నొక్కండి. మెయిల్ అసలు రూపం కనబడుతుంది. మొదట చూసినప్పుడు ఏదో పాడైందనుకుని మూసేశాను. తర్వాత మా మెయిల్ సర్వీసులో పనిచేసే ఒక కుర్రాడు ఫోన్‌లో ఓపికగా చెప్పాడు, "కింద నుంచి పైకి చదవండి సార్" అని.

పూర్వం ఇన్‌లాండ్ లెటర్ వస్తే దాని మీద ముద్రలుండేవి. ఉత్తరం వేసిన ఊరి ముద్ర, చేరిన ఊరి పోస్టాఫీసు ముద్ర, కొన్నిసార్లు మధ్యలో ఆర్.ఎం.ఎస్. (రైల్వే మెయిల్ సర్వీస్) ముద్ర. ఎక్కడ ఆగిందో మా నాన్న ఆ ముద్రలు చూసి చెప్పేవాడు. మెయిల్ కూడా అంతే. దారిలో దాన్ని అందుకున్న ప్రతి సర్వర్ 'రిసీవ్డ్' అని ఒక ముద్ర వేస్తుంది. ఎవరి దగ్గర తీసుకుంది, తానెవరు, ఏ తేదీ, ఏ సమయం. కొత్త ముద్ర ఎప్పుడూ పైన పడుతుంది. అందుకే అడుగున ఉన్నది బయలుదేరిన చోటు, పైనున్నది మన గడప.

ఒకసారి మలేషియా కొనుగోలుదారు ఉదయం పది గంటల పన్నెండు నిమిషాలకే అప్రూవల్ పంపానన్నాడు, నాకు అందింది ఎనిమిదిన్నరకు. ఇద్దరం నిజమే చెబుతున్నాం. ముద్రలు చూస్తే వాళ్ల సర్వర్ వేసిన సమయం పక్కన ప్లస్ 0800 అని ఉంది, మా సర్వర్ ముద్ర పక్కన ప్లస్ 0530. వాళ్ల గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందని. అంటే వాళ్లకు 10:12 అయినప్పుడు మనకు 7:42. మిగిలిన నలభై ఎనిమిది నిమిషాలు ఎక్కడ పోయాయంటే, చివరి రెండు ముద్రల మధ్య. వాళ్లు అంతకుముందు రోజే కొత్త సర్వర్‌కు మారారు. మా సర్వర్ ఆ కొత్త ముఖాన్ని ఎప్పుడూ చూడలేదు కాబట్టి 'ఇప్పుడు కాదు, కాసేపాగి రా' అని 451 అనే నంబరుతో తిప్పి పంపింది. స్పామ్ పంపేవాళ్లు చాలామంది మళ్లీ రారు, నిజమైన సర్వర్ ఆగి మళ్లీ వస్తుంది. వచ్చింది, తీసుకుంది. మొదట్లో నాలుగు అంకె ఉంటే తాత్కాలికం, ఐదు ఉంటే ఇక కుదరదని. పంపే సర్వర్ నాలుగైదు రోజుల దాకా ప్రయత్నిస్తూనే ఉండాలని నిబంధన. 'పంపాను కదా' అని అవతలివాళ్లు అన్నప్పుడు అబద్ధమాడుతున్నారని అనుకోవడం ఆ రోజుతో మానేశాను.

ఈ నిబంధనల పునాది పాతది. 1971లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒకే గదిలో పక్కపక్కన ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య ఇంటర్నెట్‌కి ముందు రూపమైన ఆర్పానెట్ ద్వారా మొదటి మెయిల్ పంపాడు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య ఇప్పటికీ మనం కొట్టే ఎట్ గుర్తు ఆయన పెట్టిందే. సర్వర్లు ఒకదానితో ఒకటి ఎలా మాట్లాడుకోవాలో 1982లో జాన్ పోస్టెల్ రాసిపెట్టాడు. దాన్నే ఎస్.ఎం.టి.పి. అంటారు. తర్వాత సవరణలు జరిగాయి కానీ మాటల వరస అదే. మా సర్వర్ కొనుగోలుదారు సర్వర్ తలుపు తట్టి ముందు తన పేరు చెబుతుంది. తర్వాత ఎవరి నుంచి అని, ఎవరికి అని, ఆ తర్వాత 'డేటా' అని చెప్పి మెయిల్ మొత్తం చదివేస్తుంది. ఒక లైనులో చుక్క ఒక్కటే పెడితే అయిపోయినట్టు. అవతలి సర్వర్ 250 అంటే బాధ్యత ఇక దానిది.

ఏ తలుపు తట్టాలో ఎలా తెలుస్తుంది? ఎట్ గుర్తు తర్వాత ఉన్న పేరుని డి.ఎన్.ఎస్. అనే డైరెక్టరీలో వెతుకుతుంది. ఆ పేరుకి వచ్చిన ఉత్తరాలు ఎవరు తీసుకుంటారో చెప్పే లైను అక్కడుంటుంది, ఎం.ఎక్స్. రికార్డ్ అంటారు. నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఇదే. గుంటూరులో చిన్న ఆఫీసు, అవతల మలేషియాలోని క్లాంగ్ రేవులో ఇంకో చిన్న ఆఫీసు, ఇద్దరి మెయిల్ సర్వీసులు వేరు, దేశాలు వేరు. ముందు పరిచయం, ఒప్పందం ఏమీ లేకుండానే సర్వర్లు ఒకదాని ఉత్తరం ఒకటి తీసుకుంటాయి. వాట్సాప్‌లో ఇద్దరూ వాట్సాప్‌లోనే ఉండాలి. మెయిల్‌కి ఆ షరతు లేదు.

ఇంకొకటి కూడా ఈ మాటల వరసలోంచే అర్థమైంది. సర్వర్‌కి చెప్పే 'ఎవరికి' అన్నది కవరు మీద అడ్రస్. మనకు మెయిల్‌లో కనబడే 'టు' లైను కవరు లోపలి కాగితం మీద రాసుకున్నది. రెండూ ఒకటే కావాలని లేదు. బీసీసీలో పెట్టిన పేరు కవరు మీద ఉంటుంది, కాగితం మీద ఉండదు, అందుకే మిగతావాళ్లకు తెలియదు. 'ఫ్రమ్' లైనుకీ ఇదే సూత్రం. కాగితం మీద పంపినవారి పేరు ఎవరైనా ఏమైనా రాసుకోవచ్చు. 1982లో ఒకరినొకరు ఎరిగినవాళ్ల మధ్య నడిచిన పద్ధతి అది. తర్వాత వచ్చిన ఇబ్బందులు చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి.

మాకు వచ్చిన ఇబ్బంది చెబుతాను. మూడేళ్ల క్రితం మార్చిలో మా వెబ్‌సైట్ కొత్తగా చేయిస్తూ, చేసిన కంపెనీవాళ్లే మెయిల్ కూడా తమ దగ్గరికి మార్చారు. వచ్చే మెయిళ్లు బాగానే వస్తున్నాయి. రెండు రోజులకు మలేషియా నుంచి వాట్సాప్ కాల్. డాక్యుమెంట్లు ఇంకా రాలేదు, ఓడ మూడు రోజుల్లో చేరుతుంది అని. నేను పంపి ఒక రోజైంది. ఇన్‌బాక్స్‌లో చూస్తే డెలివరీ ఫెయిల్ అయిందని రెండు మెయిళ్లున్నాయి, సీజన్ హడావిడిలో ఆఫీసులో నాకు సాయం చేసే మా పిల్లాడు వాటిని స్పామ్ అనుకుని చదవకుండానే పక్కన పెట్టాడు. తెరిస్తే 550, దాని పక్కన ఎస్.పి.ఎఫ్. ఫెయిల్ అని ఉంది.

ఎస్.పి.ఎఫ్. అంటే మన పేరుతో ఉత్తరాలు పంపే హక్కు ఏ సర్వర్లకుందో డి.ఎన్.ఎస్.లో మనమే రాసిపెట్టే లైను. మా లైనులో పాత కంపెనీ సర్వర్లే ఉన్నాయి, చివర 'మిగతా ఎవరు పంపినా తిరస్కరించండి' అనే అర్థంలో మైనస్ ఆల్ అని ఉంది. కొత్త సర్వర్ల పేర్లు చేర్చడం మరిచిపోయారు. అంటే మా మెయిళ్లను వద్దని చెప్పింది మా లైనే. అవతలి సర్వర్ తప్పేమీ లేదు. వెబ్‌సైట్ కంపెనీకి ఫోన్ చేస్తే "మా దగ్గర అంతా ఓకే సార్, వాళ్ల వైపే ప్రాబ్లం" అన్నారు. ఆ ఫెయిల్ మెయిల్‌ని థండర్‌బర్డ్‌లోంచి ఫైలుగా సేవ్ చేసి యథాతథంగా పంపించాను. ఇరవై నిమిషాల్లో లైను సరిచేశారు. అయినా వెంటనే కుదరలేదు. ఒకసారి డి.ఎన్.ఎస్.లో చూసిన జవాబుని సర్వర్లు కొంతసేపు గుర్తుపెట్టుకుంటాయి, ఆ గడువు తీరితేనే మళ్లీ చూస్తాయి. సాయంత్రానికి మెయిల్ వెళ్లింది. ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో ఇంకా గట్టిగా ఉన్నాయి. తమ ఖాతాలకు మెయిల్ పంపే ఎవరికైనా ఎస్.పి.ఎఫ్. గానీ డీకిమ్ గానీ ఉండాలి. రోజుకు ఐదు వేలకు పైగా పంపేవాళ్లకైతే ఆ రెండూ, వాటితో పాటు డీమార్క్ కూడా, అంటే ఆ పరీక్షల్లో ఫెయిలైన మెయిల్‌ని ఏం చేయాలో మనమే డి.ఎన్.ఎస్.లో రాసిపెట్టే లైను. డీకిమ్ అంటే పంపే సర్వర్ మెయిల్ మీద వేసే సీలు, దారిలో ఎవరైనా మారిస్తే తెలిసిపోతుంది. సొంత డొమైన్ (ఎట్ గుర్తు తర్వాత వచ్చే పేరు) ఉన్న చిన్న వ్యాపారులు తమ హోస్టింగ్ వాళ్లను ఈ మూడూ ఉన్నాయా అని ఈ రోజే అడగండి.

ఇవన్నీ పాస్ అయితే మెయిల్ నిజమైనదేనని మాత్రం అనుకోవద్దు. ఇది చెప్పడానికే సగం ఈ రివ్యూ రాస్తున్నాను. పోయిన సీజన్‌లో మా ఫ్రైట్ ఏజెంట్ పేరుతో ఒక మెయిల్ వచ్చింది. బ్యాంకు ఖాతా మారింది, ఈసారి ఫ్రైట్ (రవాణా చార్జీ) కొత్త ఖాతాకు వేయండి అని. మూడు లక్షల నలభై వేలు. కింద వాళ్ల లోగో, వాళ్ల సంతకం, మా పాత మెయిల్ ముక్క కూడా ఉన్నాయి. అయ్యగారు అప్పటికే రెండుసార్లు అడిగారు, "ఏమయ్యా, ఆ ఫ్రైట్ డబ్బులు వేశారా లేదా" అని. మా పిల్లాడు బ్యాంకు సైట్ తెరిచి కూర్చున్నాడు.

థండర్‌బర్డ్‌లో పంపినవారి పూర్తి అడ్రస్ ఎప్పుడూ చూపించమని ఒక సెట్టింగ్ ఉంది, నేను అది పెట్టి ఉంచుతాను. అడ్రస్ బుక్‌లో ఉన్నవాళ్ల పక్కన ఒక గుర్తు, లేనివాళ్ల పక్కన వేరే గుర్తు కనబడతాయి. పదేళ్లుగా తెలిసిన ఏజెంట్ పక్కన కొత్తవాళ్ల గుర్తు ఎందుకుందా అని ఆగాను. కంట్రోల్ యూ నొక్కి చూస్తే ఎస్.పి.ఎఫ్. పాస్, డీకిమ్ పాస్. ఒక్క క్షణం నాకే అనుమానం పోయింది. తర్వాత అడ్రస్‌ని ఒక్కో అక్షరం వేలు పెట్టి చదివాను. ఎం ఉండాల్సిన చోట ఆర్, ఎన్ పక్కపక్కన ఉన్నాయి. చిన్న అక్షరాల్లో ఆ రెండూ కలిస్తే ఎం లాగే కనబడతాయి. దొంగ ఆ పేరుతో కొత్త డొమైన్ కొనుక్కుని, దానికి అన్ని సీళ్లూ సక్రమంగా వేసుకున్నాడు. పాస్ అన్న మాట 'ఈ మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చింది' అని మాత్రమే చెబుతుంది. ఆ డొమైన్ మనకు తెలిసినవాళ్లదేనా అన్నది మనమే చూసుకోవాలి.

ఏజెంట్‌కి ఫోన్ చేశాను, మెయిల్‌లో ఉన్న నంబరుకి కాదు, నా డైరీలో ఉన్న నంబరుకి. "అన్నా, మేము ఖాతా మార్చలేదు, వేయకండి" అన్నాడు. గొంతు వణికింది, నాకూ చేతులు వణికాయి. ఇలాంటిది ఎవరికైనా జరిగితే, డబ్బు వెళ్లిపోయి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మెయిల్‌ని స్క్రీన్‌షాట్ తీసి సరిపెట్టుకోవద్దు. 'సేవ్ యాజ్' కొట్టి ఫైలుగా దాచండి. ముద్రలన్నీ ఆ ఫైలులోనే ఉంటాయి, స్క్రీన్‌షాట్‌లో ఉండవు. ముద్రల్లో కూడా మన సర్వర్ వేసినవే నమ్మదగ్గవి. వాటి కింద ఉన్నవి పంపినవాడు ముందే రాసిపెట్టుకున్నవి కూడా కావచ్చు.

జోడింపుల గురించి కొంచెం. స్కాన్ చేసిన డాక్యుమెంట్ల సెట్టు 19 ఎంబీ ఉంది, పరిమితి 25, అయినా ఎందుకు వెళ్లలేదని ఒకసారి చాలాసేపు తల పట్టుకున్నాను. ఎస్.ఎం.టి.పి. పుట్టింది మామూలు ఇంగ్లీషు అక్షరాలు మోయడానికి. బొమ్మలు, పీడీఎఫ్‌లు దాని మీద వెళ్లాలంటే వాటిని అక్షరాల్లోకి మార్చాలి. 1992లో వచ్చిన మైమ్ అనే పద్ధతి ఆ పని చేస్తుంది. ప్రతి మూడు బైట్లూ నాలుగు అక్షరాలవుతాయి. 19 కాస్తా 25 దాటిపోతుంది. కొన్ని ఆఫీసు సర్వర్లు 10 దగ్గరే ఆపేస్తాయి. అప్పటినుంచి సెట్టుని రెండు మెయిళ్లుగా పంపిస్తున్నాను, సబ్జెక్టులో ఒకటి, రెండు అని వేసి.

తెలుగు కూడా ఇలాగే ప్రయాణిస్తుంది. కోల్డ్ స్టోరేజీ వాళ్లకు సబ్జెక్టులో 'మిర్చి' అని తెలుగులో రాసి, కంట్రోల్ యూ నొక్కి చూశాను. మనం చూసే ఆ రెండక్షరాలూ కంప్యూటర్‌కి ఆరు గుర్తులు: మ, గుడి, ర, పొల్లు, చ, మళ్లీ గుడి. ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం పద్దెనిమిది. అవి దారికోసం ఇరవై నాలుగు ఇంగ్లీషు అక్షరాలై, అవతల మళ్లీ 'మిర్చి' అయ్యాయి. ఒక్క గుడి కూడా జారిపోలేదు. ఆ వరసని చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

రోజువారీ వాడకంలో నాకు బాగా ఉపయోగపడేది ఇంకొకటుంది. మెయిల్‌లో 'అటాచ్‌మెంట్' లాంటి మాట రాసి ఫైలు పెట్టడం మరిచిపోతే, పంపే ముందు అడుగుతుంది. ఆ మాటల జాబితాకి మనం కొత్తవి చేర్చుకోవచ్చు. నేను ఇన్‌వాయిస్, ఫైటో, ప్యాకింగ్ లిస్ట్ చేర్చాను. రాత్రి పదింటికి అలిసిపోయి పంపే మెయిళ్లలో ఎన్నిసార్లు కాపాడిందో లెక్కలేదు. ఫిల్టర్లు కూడా మంచివి, సబ్జెక్టులో ఏ కొనుగోలుదారు పేరుంటే ఆ ఫోల్డర్‌లోకి దానంతటదే వెళ్తుంది.

తెలుసుకోవాల్సింది ఒకటి. మెయిల్ డిలీట్ చేసినంత మాత్రాన డిస్క్‌లో చోటు ఖాళీ కాదు. ఒక ఫోల్డర్ మెయిళ్లన్నీ మామూలుగా ఒకే పెద్ద ఫైలులో ఉంటాయి, డిలీట్ చేసినవి 'కాంపాక్ట్' చేసేదాకా అందులోనే ఉంటాయి. అది అడిగినప్పుడు వాయిదా వేయకుండా చేయనివ్వండి.

ఆండ్రాయిడ్ ఫోన్ వెర్షన్ 2024 అక్టోబర్‌లో వచ్చింది, అంతకుముందు కే నైన్ మెయిల్ అని ఉన్న యాప్ మీద కట్టారు. కంప్యూటర్‌లో ఉన్న ఖాతాల సెట్టింగులు క్యూఆర్ కోడ్‌తో ఫోన్‌కి వెళ్లిపోతాయి. మా పిల్లాడు కంటైనర్ వెంట రేవుకు వెళ్లినప్పుడు అక్కడి నుంచే బి.ఎల్. డ్రాఫ్ట్ చూసి తప్పులు చెబుతున్నాడు. పోయిన వారం ఫోన్ చేశాడు. "అన్నా, ఒక మెయిల్ వచ్చింది, అడ్రస్‌లో ఎల్ ఉందా, ఒకటి అంకె ఉందా అర్థం కావట్లేదు, నువ్వు పెద్ద స్క్రీన్ మీద చూస్తావా" అన్నాడు. చూశాను. ఎల్లే.